పాఠకుల ప్రశ్నలు: ఆల్ప్స్ కనుమలకు బృందంగా సైకిల్ యాత్ర

ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండలకు రోడ్ సైకిళ్లతో వెళ్లాలనుకునే బృందాల ప్రశ్నలకు ఈసారి జవాబులిస్తున్నాం. అన్నిటికీ బూర్ ద్వాజాన్ అనే ఊరినే మజిలీగా తీసుకున్నాం. సుమారు 720 మీటర్ల ఎత్తున, రోమాన్ష్ నది లోయలో ఉన్న చిన్న ఊరది. టూర్ ద ఫ్రాన్స్ పందెంతో పేరు మోగిన కనుమలు దాని చుట్టూనే ఉన్నాయి. రోజూ బస మార్చకుండా ఒక్కచోటే ఉండి, పూటకో కొండ ఎక్కి రావచ్చు.

ప్రశ్న: మేం ఎనిమిదిమందిమి. ముగ్గురు గట్టి రైడర్లు, ఇద్దరు ఈ మధ్యే మొదలుపెట్టినవాళ్లు. చేతిలో వారం రోజులే ఉన్నాయి. ఏ నెలలో వెళ్లాలి, ఏ కనుమలు ఏ వరుసలో ఎక్కాలి? (హైదరాబాద్)

ముందు నెల సంగతి. గాలిబియే కనుమ 2,642 మీటర్ల ఎత్తున ఉంటుంది. చలికాలమంతా మంచు కింద మూసేసి, సాధారణంగా మే చివర్లోనో జూన్ మొదట్లోనో తెరుస్తారు. అందుకే జూన్ ఆఖరి వారం గానీ సెప్టెంబరు మొదటి పక్షం గానీ పెట్టుకోండి. జులైలో పందెం ఆ దారిన వస్తే రోడ్లు గంటల తరబడి మూసేస్తారు, గదులు దొరకవు. ఆగస్టు ఫ్రెంచివాళ్ల సెలవుల నెల కాబట్టి కార్ల రద్దీ ఉంటుంది. తేదీలు ఖాయం చేసే ముందు మరో విషయం కూడా చూసుకోండి. వేసవిలో కొన్ని ఉదయాలు కొన్ని కనుమల మీదికి కార్లను రానివ్వకుండా సైకిళ్లకే వదిలేస్తారు. అలాంటి పూట మీ వారంలో పడితే కొత్తవాళ్లకు అంతకు మించిన రోజు ఉండదు.

ఇక వరుస. దిగిన మర్నాడే ఆల్ప్ దుయెజ్ అనే నిటారు ఎక్కుడు మీద పడకండి. మొదటిరోజు ఓర్నోన్ కనుమ చాలు: 1,371 మీటర్ల ఎత్తు, ఊరి పక్క నుంచి దాదాపు 11 కిలోమీటర్ల సాఫీ ఎక్కుడు. విప్పి బిగించిన సైకిల్లో ఏదైనా లోపముంటే ఆ రోజే బయటపడుతుంది, ఊరు దగ్గరే కాబట్టి చక్కబెట్టుకోవచ్చు. రెండోరోజు ఆల్ప్ దుయెజ్, మూడోరోజు విశ్రాంతి, నాలుగోరోజు క్రువా ద ఫేర్ కనుమ, ఐదోరోజు లోతారే కనుమ మీదుగా గాలిబియే. ఆరోరోజు ఖాళీగా ఉంచండి. ఈ వారంలో ఒకరోజు వాన తప్పదనుకునే లెక్క వేసుకోవాలి. వానరోజున గాలిబియే ఎక్కకూడదు, దాన్ని ఖాళీ రోజుకు జరపాలి.

దూరం చూసి సమయం అంచనా వేస్తే కొండల్లో లెక్క తప్పుతుంది. గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కగలరో చూడాలి. మామూలు సాధన ఉన్నవాళ్లు గంటకు 500 నుంచి 700 మీటర్లు ఎక్కుతారు, కొత్తవాళ్లు 400 నుంచి 450. బూర్ ద్వాజాన్ నుంచి గాలిబియేకి 46 కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఎత్తు దాదాపు 2,000 మీటర్లు. గట్టివాడికి మూడు గంటల పని, మీ కొత్త రైడరుకు ఆగే సమయం కాక నాలుగున్నర గంటలు. మధ్యాహ్నం దాటాక పైన ఉరుముల వానలు పట్టుకుంటాయి. కాబట్టి అందరికంటే నెమ్మదిగా ఎక్కేవాళ్లు ఒంటిగంటకల్లా దిగడం మొదలుపెట్టేలా వెనక్కి లెక్కేసి బయలుదేరే సమయం పెట్టండి. అంటే వాళ్లు ఉదయం ఏడుకే కదలాలి. గట్టివాళ్లు ఎనిమిదిన్నరకు బయలుదేరినా లోతారే దగ్గర కలుసుకుంటారు. అందరూ కలిసి బయలుదేరాలన్న పట్టింపు వదిలేయండి, కలిసి చేరడం ముఖ్యం.

ప్రశ్న: నా సైకిలుకు ముందు 50/34 పళ్ల రింగులు, వెనక 11-28 పళ్ల క్యాసెట్ (పళ్లచక్రాల గుత్తి). ఇక్కడి కొండలకు ఇది సరిపోతోంది. అక్కడా సరిపోతుందా? (విజయవాడ)

సరిపోదు. ఆల్ప్ దుయెజ్ 13.8 కిలోమీటర్లు, సగటు వాలు 8.1 శాతం. 21 హెయిర్‌పిన్ మలుపులకు అంకెలు కింద 21తో మొదలై పైకి వెళ్లేకొద్దీ తగ్గుతాయి. మొదటి రెండు కిలోమీటర్లలోనే వాలు 10 శాతం దాటుతుంది, ఇంకా ఒళ్లు వేడెక్కకముందే.

లెక్క చూడండి. మనిషి, సైకిలు కలిపి 85 కిలోలు అనుకుందాం. 8 శాతం వాలులో గంటకు 8 కిలోమీటర్ల వేగానికి సుమారు 160 వాట్లు పెట్టాలి. ఆ వేగంలో 34×28 గేరులో (ముందు 34 పళ్లు, వెనక 28) పెడల్ నిమిషానికి 52 సార్లే తిరుగుతుంది. 34×34లో అయితే 63 సార్లు. శ్రమ అంతే, కానీ ఒక్కో తొక్కుడుకు మోకాలి మీద పడే బరువు తగ్గుతుంది. గంటా నలభై నిమిషాల పాటు 52 చొప్పున తొక్కినవాళ్లకు మర్నాడు మోకాళ్లు మొరాయిస్తాయి.

11-34 క్యాసెట్ వేయించుకోండి. అయితే క్యాసెట్ ఒక్కటే మారిస్తే పని కాదు. మీ వెనక డెరైలర్ (చైన్‌ను ఒక పళ్లచక్రం మీంచి మరోదాని మీదికి మార్చే భాగం) పొట్టి కేజ్‌దైతే, అంటే దాని కింద చైన్‌ను పట్టి ఉంచే చట్రం పొట్టిదైతే (ఉదాహరణకు షిమానో 105 ఆర్7000లో ఎస్ఎస్ రకం) 30 పళ్ల వరకే తీసుకుంటుంది, 34కు జీఎస్ రకం కావాలి. చైన్ పొడవూ చూడాలి. ముందు పెద్ద రింగు, వెనక పెద్ద పళ్లచక్రం మీద పెట్టినప్పుడు డెరైలర్ బిగదీసుకుపోతే చైన్ చాలలేదన్నమాట. పాత చైన్‌నే అలా ఉంచేస్తే పొరపాటున ఆ గేరు పడిన క్షణంలో హ్యాంగర్ (డెరైలర్‌ను ఫ్రేమ్‌కు పట్టి ఉంచే ముక్క) విరుగుతుంది. ఈ మార్పంతా ప్రయాణానికి నెల ముందే చేసి, కనీసం 300 కిలోమీటర్లు తొక్కి చూడండి.

ప్రశ్న: సొంత సైకిలు విమానంలో తీసుకెళ్లాలా, అక్కడే అద్దెకు తీసుకోవాలా? (బెంగళూరు)

వారం కంటే తక్కువైతే అద్దెదే నయం. బూర్ ద్వాజాన్‌లో మంచి కార్బన్ రోడ్ సైకిలు రోజుకు సుమారు 40 నుంచి 70 యూరోల మధ్య దొరుకుతుంది. ఎనిమిది పెట్టెలను లియోన్ విమానాశ్రయం నుంచి చేరవేయడానికి పెద్ద వ్యాను తీసుకునే ఖర్చు తప్పుతుంది. మూడు నెలల ముందే కొలతలు పంపి కేటాయించుకోండి: ఫ్రేమ్ సైజు, బాటమ్ బ్రాకెట్ (పెడళ్ల ఇరుసు ఉండే చోటు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఎత్తు మిల్లీమీటర్లలో, సీటు కొన నుంచి హ్యాండిల్ దాకా దూరం. పెడళ్లు, బూట్లు, హెల్మెట్, వీలైతే సీటు మీవే తీసుకెళ్లండి.

అద్దె సైకిలు ఎక్కే ముందు ఒక్కటి తప్పకుండా చూసుకోండి. మన దగ్గర చాలా సైకిళ్లకు కుడి బ్రేకు లివర్ ముందు చక్రానిది. ఫ్రాన్స్‌లో ఎడమ లివర్ ముందుది. కంగారులో చెయ్యి పాత అలవాటుకే పోతుంది. కావాలంటే దుకాణంలోనే మార్చి ఇవ్వమనండి, లేదా మొదటిరోజు ఖాళీ మైదానంలో పది నిమిషాలు ఆపడం అలవాటు చేసుకోండి.

సొంతదే తీసుకెళ్తానంటే ప్యాకింగ్‌లో ముఖ్యంగా దెబ్బతినేవి రెండు: వెనక డెరైలర్, డిస్క్ బ్రేకులు. డెరైలర్‌ను హ్యాంగర్ నుంచి విప్పి, గుడ్డలో చుట్టి, చైన్‌స్టే (వెనక చక్రం దాకా వెళ్లే కింది గొట్టం) లోపలి వైపు కట్టండి. మీ మోడల్‌కు సరిపోయే హ్యాంగర్ ఒకటి అదనంగా పెట్టుకోండి. అది ఊరి దుకాణంలో దొరకకపోతే యాత్ర అక్కడితో సరి. చక్రాలు తీశాక బ్రేకు ప్యాడ్ల మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టండి. రోటర్ (చక్రానికి ఉండే బ్రేకు డిస్కు) లేకుండా లివర్ నొక్కుకుంటే పిస్టన్లు బయటికొచ్చి ప్యాడ్లు అతుక్కుంటాయి, మళ్లీ చక్రం లోపలికి దూరదు. ఎడమ పెడల్ మర రివర్సుదని గుర్తుంచుకోండి. పవర్ బ్యాంకులు చేతి సంచిలోనే ఉండాలి. టైర్లు నింపే సీఓ2 సిలిండర్లు ఇక్కడి నుంచి మోయకుండా అక్కడే కొనండి.

ఖరీదైన సైకిలైతే బయలుదేరేటప్పుడు విమానాశ్రయంలో కస్టమ్స్ దగ్గర ఎగుమతి ధ్రువపత్రం తీసుకోండి. బాటమ్ బ్రాకెట్ కింద ఉండే సీరియల్ నంబరు అందులో రాయించండి. తిరిగొచ్చేటప్పుడు అది విదేశంలో కొన్నదేమోనని సుంకం అడిగితే ఆ కాగితమే మీ జవాబు.

ప్రశ్న: అరకు ఘాట్ దిగేటప్పుడు చేతులు లాగేస్తాయి, రిమ్ ముట్టుకుంటే కాలుతుంది. ఆల్ప్స్‌లో దిగుడు ఎలా తట్టుకోవాలి? (విశాఖపట్నం)

ఈ విడతలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది. బృందాలు ఆరు నెలలు ఎక్కడం సాధన చేస్తాయి, దిగడం గురించి ఒక్కపూట కూడా ఆలోచించవు. ప్రమాదాలు ఎక్కువగా దిగేటప్పుడే.

బ్రేకును అదేపనిగా నొక్కి ఉంచడమే మీ ఇబ్బందికి కారణం. అలా చేస్తే రిమ్‌కో రోటర్‌కో చల్లారే వ్యవధి దొరకదు. తిన్నటి చోట వదిలేయండి, గాలే వేగాన్ని కొంత అదుపు చేస్తుంది. మలుపుకు ముందు రెండు బ్రేకులూ గట్టిగా, కాసేపే వేసి వేగం తగ్గించి, మలుపులో వదిలేయండి. చేతులు హ్యాండిల్ కింది వంపుల్లో ఉండాలి. అక్కడి నుంచి లివర్‌కు రెండు వేళ్లు చాలు, పైన హుడ్‌ల (లివర్ల పైనుండే పిడుల) మీద నుంచి అయితే నాలుగు వేళ్లూ నొప్పి పుడతాయి. హెయిర్‌పిన్‌లో బయటి కాలు కిందికి, చూపు మలుపు చివరికి.

రిమ్ బ్రేకులున్నవాళ్లు ముందు చక్రంలో ప్యాచ్ వేసిన ట్యూబ్ వాడొద్దు, వేడికి ప్యాచ్ ఊడుతుంది. లేటెక్స్ ట్యూబులూ వద్దు. కార్బన్ రిమ్‌కు రిమ్ బ్రేకులుంటే ఈ కొండలకు అల్యూమినియం చక్రాలు అరువు తెచ్చుకోండి. డిస్క్ బ్రేకులవాళ్లు ప్యాడ్ మీద మిగిలిన పొర మిల్లీమీటరు కంటే పలచబడితే ఇక్కడే మార్చి, కొత్తవాటిని రోటర్‌తో ఒరిపించి, అప్పుడు బయలుదేరాలి. 75 కిలోల మనిషికి 28 మిల్లీమీటర్ల టైర్లలో 70 నుంచి 80 పీఎస్ఐ గాలి సరిపోతుంది.

ఇంకొకటి చలి. ప్రతి 1,000 మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊళ్లో 24 డిగ్రీలుంటే గాలిబియే మీద 11, 12. ఎక్కేటప్పుడు చెమటతో తడిసిన జెర్సీ మీద గంటకు 45 కిలోమీటర్ల గాలి తగిలితే పది నిమిషాల్లో వేళ్లు కొంకర్లు పోతాయి, బ్రేకు నొక్కడానికి పట్టు చిక్కదు. మన ఎండల్లో పెరిగిన ఒళ్లు దీన్ని ముందుగా పసిగట్టలేదు. గాలిని ఆపే జాకెట్, పూర్తి వేళ్ల గ్లవ్స్, చేతులకు వేసుకునే ఆర్మ్ వార్మర్లు ఒక్కొక్కరి జేబులో ఉండాలి, వ్యానులో కాదు. శిఖరం మీద ఎవరికోసమూ నిలబడి ఎదురుచూడొద్దు. ఫొటో దిగి, జాకెట్ తొడిగి, లోతారే కనుమ దగ్గరి హోటళ్లలో ఏదో ఒకదాని పేరు ముందే అనుకుని అక్కడ కలవండి.

లోతారే దారిలో సొరంగాలున్నాయి. ముందూ వెనకా లైట్లు పగలే వెలుగుతూ ఉండాలి. నల్ల కళ్లద్దాలతో సొరంగంలోకి దూరితే కొన్ని సెకన్లు ఏమీ కనిపించదు, రంగులేని అద్దాలు పెట్టుకోండి. ఫ్రాన్స్ నిబంధన ప్రకారం ఇద్దరి కంటే ఎక్కువమంది పక్కపక్కన వెళ్లకూడదు, వెనక వాహనం దాటాలనుకుంటే ఒకరి వెనక ఒకరు సర్దుకోవాలి. చెవుల్లో ఇయర్‌ఫోన్లకు 135 యూరోల జరిమానా. రోడ్డుకు కుడివైపు నడపడం మొదటిరోజే అలవాటైపోతుంది. ఎటూ వాహనాలు లేని కూడలిలో, కాఫీ తాగి మళ్లీ బయలుదేరినప్పుడు పొరబడతారు.

ప్రశ్న: వీసా, బీమా? (నెల్లూరు)

షెంగెన్ వీసాకు (ఫ్రాన్స్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు ఉమ్మడి వీసా) ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజుల్లోపు అయితే తీసుకోరు. వేసవిలో అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి కాబట్టి మూడు నెలల ముందే పని మొదలుపెట్టండి. పెద్దలకు రుసుము 90 యూరోలు, సేవా రుసుము వేరే. ఎనిమిదిమంది కాగితాల్లోనూ బస, తేదీలు ఒకేలా ఉండాలి. బీమా కనీసం 30,000 యూరోలకు అడుగుతారు. చౌక పాలసీలు చాలావాటిలో సాహస క్రీడలను మినహాయిస్తారు. కొండరోడ్ల మీద సైకిల్ తొక్కడం, హెలికాప్టరులో కాపాడి తీసుకురావడం రెండూ వర్తిస్తాయని కంపెనీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. అత్యవసర నంబరు 112, అందరి ఫోన్లలోనూ ఉండాలి.

ప్రశ్న: అందరం శాకాహారులం. తిండి ఎలా? (గుంటూరు)

వంటగది ఉన్న ఇల్లు అద్దెకు తీసుకోండి. పల్లెల్లో హోటళ్ల వంటగదులు మధ్యాహ్నం రెండుకల్లా మూసేసి రాత్రి ఏడుకు గానీ తెరవవు. మీరేమో మూడింటికి ఆకలితో దిగుతారు. ఆదివారం దుకాణాలు చాలామటుకు మూతే, శనివారమే సరుకు తెచ్చుకోవాలి. బియ్యం, పప్పు అక్కడ దొరుకుతాయి. కారప్పొడులు, పచ్చళ్లు వెంట తీసుకెళ్లొచ్చు. నెయ్యి, పాలపొడి, కోవా వంటి పాల పదార్థాలు బయటి దేశాల నుంచి ఐరోపా సమాఖ్యలోకి తీసుకెళ్లనివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు.

సైకిల్ మీద గంటకు 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. మామూలు అరటిపండులో పాతిక గ్రాములుంటుంది, పెద్ద ఖర్జూరంలో 16 దాకా. రెండు అరటిపళ్లు, ఒక ఖర్జూరం గంటకు సరిపోతాయి. ఆకలి వేశాక తింటే ఆలస్యమైపోయినట్టే, మొదటి అరగంట నుంచే మొదలుపెట్టండి. నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు. పల్లె కుళాయిల దగ్గర «నాన్ పొతాబ్ల్» అని ఉంటే తాగకూడదు.

ప్రశ్న: వెంట వ్యాను పెట్టుకోవాలా? (వరంగల్)

ఎనిమిదిమందికి ఉండాలి. డ్రైవరుతో కలిపి తొమ్మిది సీట్ల వరకు కారు లైసెన్సు చాలు, అంతకు మించితే వేరే లైసెన్సు కావాలి. మన లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ తీసుకోండి. తొక్కనివాళ్లు ఎవరైనా వస్తే వాళ్లే నడుపుతారు. లేకపోతే రోజుకొకరు వంతు. ఆ వంతు కొత్తవాళ్ల నెత్తినే వేయకండి. వ్యాను వెనకే పాకుతూ వస్తే రోడ్డుకు అడ్డం. 10 కిలోమీటర్లకో చోట ముందుకెళ్లి ఆగాలి.

ప్రశ్న: మాది భీమవరం. చుట్టూ చదును నేల, ఒక్క దిబ్బ కూడా లేదు. సాధన ఎలా? (భీమవరం)

ట్రైనరు (సైకిల్‌ను ఇంట్లోనే నిలబెట్టి తొక్కే స్టాండు) మీద ముందు చక్రం కింద పది సెంటీమీటర్ల దిమ్మె పెట్టి, నిమిషానికి 60, 65 తొక్కుళ్లతో 20 నిమిషాల చొప్పున రెండు విడతలు, వారానికి రెండుసార్లు. కొండ మీద కూర్చున్న భంగిమకు నడుం అలవాటు పడుతుంది. బయట కాలవ గట్టు మీద ఎదురుగాలి ఉన్న రోజులు ఎంచుకుని గంట సేపు బరువు గేరులో తొక్కండి. నెలకోసారి ఘాట్ తప్పనిసరి: లంబసింగి, అరకు, హార్స్‌లీ హిల్స్ ఏదైనా సరే. ప్రయాణానికి ఆరు వారాల ముందు ఒక్కసారైనా మెట్టుపాళయం నుంచి కోటగిరి ఘాట్ ఎక్కండి, 33 కిలోమీటర్లు ఆగకుండా. గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కారో అక్కడే తేలుతుంది. ఆ అంకెను రాసి, బయలుదేరే సమయాలు వేసేవారికి ఇవ్వండి.