ఫోన్ కొనడానికి కూడా అపాయింట్‌మెంట్ కావాలా?

ఫోన్ కొనాలంటే ముందుగా అపాయింట్‌మెంట్ తీసుకునే రావాలని షాపులు షరతు పెట్టొచ్చా అని అడిగారు. కొన్నేళ్లు ఫోన్ల షాపులో కౌంటర్ వెనక నిలబడ్డవాణ్ని కాబట్టి చెప్తున్నా: కొనడానికి అక్కర్లేదు. కొన్నాక జరిగే పనికి మాత్రం ఉంటే మంచిది, అదీ కావాలన్నవాళ్లకే.

అమ్మకం అనేది నిజానికి చిటికెలో అయిపోతుంది. వచ్చేవాళ్లలో చాలామంది మోడల్, రంగు, స్టోరేజీ అన్నీ ఇంట్లోనే తేల్చుకుని వస్తారు. డబ్బా తెచ్చి, సీలు చూపించి, దాని మీదున్న ఐఎంఈఐ నంబరూ (ఒక్కో ఫోన్‌కీ విడిగా ఉండే గుర్తింపు నంబరు), ఫోన్‌లో *#06# కొడితే వచ్చే నంబరూ ఒకటేనని చూపించి బిల్లు కొడితే సరి. ఈమాత్రం దానికి రేపు నాలుగింటికి రమ్మంటే ఎవరొస్తారు? ఇంటికెళ్లి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేసుకుంటారు.

టైమంతా తినేది పాత ఫోన్‌లోంచి కొత్తదాంట్లోకి మారడం. ఒక పెద్దాయన పాత ఫోన్ ఎక్స్చేంజ్‌కి ఇస్తానని తెచ్చారు. అందులోంచి గూగుల్ ఖాతా తీసేయకుండా బలవంతంగా రీసెట్ చేస్తే, ఫోన్ మళ్లీ ఆ ఖాతా పాస్‌వర్డే అడుగుతుంది, ఇక ఎవరికీ పనికిరాదు. "పాస్‌వర్డ్ మా అమ్మాయి పెట్టింది బాబూ" అన్నారాయన. ఆ అమ్మాయేమో ఫోన్ ఎత్తదు. వెనక ఒకావిడ "ఒక్క కేబుల్ ఇవ్వు నాయనా, డబ్బులిచ్చి పోతా" అని ఎంతసేపటినుంచో నిలబడి ఉంది. ఇద్దరిలో ఎవరిదీ తప్పు కాదు, కానీ కౌంటర్ ఒక్కటే.

ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కి వెళ్లేవాళ్ల సంగతి ఇంకా సున్నితం. వాట్సాప్ చాట్లు తేవాలంటే కొత్త ఫోన్ సెటప్ చేసేటప్పుడే తెచ్చుకోవాలి. తొందరలో ఆ మెట్టు దాటేస్తే ఐఫోన్‌ని మళ్లీ మొదటికి రీసెట్ చేయాల్సిందే. ఇలాంటి పనికి ఒక మూల బల్ల వేసి, స్లాట్ ఇచ్చి, కూర్చోబెట్టి చేయాలి. హడావుడిలో చేసే పని కాదు.

అపాయింట్‌మెంట్ ఉంటేనే అమ్ముతాం అంటే అన్యాయమైపోయేది ఎవరో తెలుసా? ఫోన్ పగిలిపోయినవాళ్లు. స్లాట్ బుక్ చేయాలంటే ఓటీపీ కావాలి, ఓటీపీ వచ్చే ఫోన్ చూస్తే ముక్కలై చేతిలో ఉంది. ఇలాంటివాళ్లు షాపులోకి దాదాపు పరిగెత్తుకుంటూ వస్తారు. సిమ్ తీసి ఏ ఫోన్‌లో వేసినా చాలు అన్నట్టుంటారు. వాళ్లని తలుపు దగ్గరే ఆపి, స్కాన్ చేసి బుక్ చేసుకోండి అని క్యూఆర్ కోడ్ చూపిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ఇది ఎవరూ చేయని ప్రయోగమేం కాదు. 2015 ఏప్రిల్‌లో ఆపిల్ తన వాచీ తెచ్చినప్పుడు కొనాలంటే ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టమంది, షాపుకి అపాయింట్‌మెంట్ మీద వెళ్లి చేతికి పెట్టుకుని చూసుకోమంది. పట్టీ సైజు, బరువు చూసుకోవాలి కాబట్టి వాచీకి అది నప్పింది. అయినా జూన్ వచ్చేసరికి షాపుల్లోనూ అమ్మడం మొదలుపెట్టింది. 2020లో కోవిడ్ అప్పుడు కొన్ని షాపుల్లో అపాయింట్‌మెంట్ ఉంటేనే లోపలికి రానిచ్చారంటే అది గుంపు చేరకుండా ఉండటానికి. ఆ అవసరం తీరాక నియమం ఎందుకు?

ఒక్క సందర్భంలో మాత్రం నేను తప్పనిసరి వైపే. కొత్త మోడల్ విడుదలైన రోజు. 2012 జనవరిలో బీజింగ్‌లో ఐఫోన్ 4ఎస్ కోసం రాత్రంతా క్యూ కట్టారు. అందులో బ్లాకులో అమ్ముకునేవాళ్లు కూలికి తెచ్చి నిలబెట్టినవాళ్లూ ఉన్నారు. షాపు తెరవకపోయేసరికి గోడల మీదికి గుడ్లు విసిరారు. బీజింగ్, షాంఘై షాపుల్లో ఆ ఫోన్ అమ్మకమే కొన్నాళ్లు ఆపేయాల్సి వచ్చింది. స్టాక్ తక్కువ, జనం ఎక్కువ ఉన్న ఆ నాలుగు రోజులూ పేరు మీద స్లాట్ ఇవ్వడమే మేలు.

ఇంకో మాట, షాపు యజమానులకి నచ్చకపోవచ్చు. స్లాట్ ఇచ్చి అరగంట మీ పక్కన కూర్చున్న సేల్స్‌మన్ ఊరికే కూర్చోడు. ఇన్సూరెన్స్, కవరు, స్క్రీన్‌గార్డ్ అన్నీ ఆ అరగంటలోనే మీ బిల్లులోకి ఎక్కుతాయి. "మీ సౌకర్యం కోసమే" అని బోర్డు పెట్టినవాళ్లందరి ఉద్దేశమూ మీ సౌకర్యమే అనుకోకండి.

మీకు దగ్గరలో ఉన్న షాపు సెటప్‌కి స్లాట్ ఇస్తుంటే మాత్రం వాడుకోండి. ముందురోజు రాత్రే బ్యాకప్ పెట్టండి, పాత ఫోన్ ఫుల్ ఛార్జింగ్‌తో తీసుకెళ్లండి, గూగుల్ పాస్‌వర్డ్ పనిచేస్తోందో లేదో బయల్దేరేముందు ఒకసారి కొట్టి చూసుకోండి.