ముందు కన్నాలు మూయించండి, ఆ తర్వాతే ఇన్సులేషన్

డాలస్ దగ్గర రెండంతస్తుల ఇల్లు కొన్నామని, ఎండాకాలం మేడ మీది గదులు కాలిపోతున్నాయని, అటిక్‌లో, అంటే సీలింగ్‌కీ పైకప్పుకీ మధ్య ఉండే ఖాళీలో, ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) వేయిస్తే కరెంటు బిల్లు తగ్గుతుందా అని అడిగారు. తగ్గుతుంది. కానీ వచ్చే ప్రతి కాంట్రాక్టరూ ఎన్ని అంగుళాలు వేస్తాడో చెబుతాడే తప్ప సీలింగ్‌లో గాలి దూరే కన్నాల ఊసెత్తడు.

మాదీ ఆ చుట్టుపక్కలే. జులైలో వచ్చిన మా అమ్మ పైగదిలో పడుకోలేక చాప చంకన పెట్టుకుని కిందికి వచ్చేసింది. "ఏసీ ఆడుతూనే ఉంది కదరా, ఈ వేడేమిటి?" అంది. మర్నాడు వంటింటి చిమ్నీ, బాత్రూం ఫ్యాన్లు అన్నీ వేసి, ఇంట్లో గాలి బయటికి లాగేలా చేసి, అగరొత్తి వెలిగించి పైగదుల్లో తిరిగాను. అటిక్ మెట్ల తలుపు కిందికి వచ్చేసరికి పొగ ఒక్కసారిగా నేలకేసి వంగింది. సీలింగ్ లైట్ల చుట్టూ కూడా అదే తంతు. ఎండాకాలం అటిక్‌లో 130 డిగ్రీల ఫారన్‌హీట్ దాటుతుంది. ఆ గాలి తిన్నగా మంచం మీదికి దిగుతోందన్నమాట.

తెల్లవారుజామున మాస్కు వేసుకుని, తలకి లైటు కట్టుకుని పైకెక్కాను. ఏసీ డక్టు (చల్లగాలి వచ్చే గొట్టం) ఒకటి జాయింటు దగ్గర ఊడి వేలాడుతోంది. చెయ్యి పెడితే జిల్లుమంది. మేం డబ్బు కట్టే చల్లగాలి అటిక్‌కి పోతోంది. అక్కడ పోయినంత గాలినీ ఇల్లు కన్నాల్లోంచి వేడిగా లాక్కుంటోంది. ఇంక పైన ఎంత పరిస్తే ఏం లాభం?

డక్టు జాయింటు అతికించి మాస్టిక్ అనే ముద్ద పూసి, కన్నాలకి ఫోమ్ కొట్టి, తలుపు అంచుకి రబ్బరు పట్టీ వేశాకే సెల్యులోజ్ (కాగితం పీచుతో చేసిన ఇన్సులేషన్) ఊదించాం. వేడిని ఎంత అడ్డుకుంటుందో చెప్పే కొలత ఆర్; మన వైపు ఆర్-49 చాలు, అంటే సెల్యులోజ్ సుమారు 14 అంగుళాలు. ఆ వేసవిలోనే అమ్మ చాప చుట్టేసి మళ్ళీ పైకి మారింది. పాత రకం సీలింగ్ లైట్లకి మాత్రం ఎలక్ట్రీషియన్‌ని అడక్కుండా ఫోమ్ కొట్టకండి, అంటుకునే ప్రమాదం ఉంది. చూరు కింద గాలి వచ్చే రంధ్రాలు కూడా కప్పేయకూడదు.

ఇంకోటి, మనవాళ్ళకి అటిక్ అంటే స్టోర్ రూమే. బొమ్మల కొలువు పెట్టెలు, విరిగిన సూట్‌కేసులు తెచ్చి ఇన్సులేషన్ మీదే పడేస్తారు. అణిగిపోయిన ఇన్సులేషన్ సగం దండగ.

ఇన్సులేషన్ వేయిస్తే ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ (కేంద్ర పన్నులో తగ్గింపు) వస్తుందని ఊరిస్తూ తలుపు కొట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. అది 2025 డిసెంబర్ 31తోనే ఆగిపోయింది. ఆ మాట ఎత్తినవాడికి నిచ్చెన కూడా ఇవ్వకండి.