విదేశీ ఈబుక్, సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసుకుంటే కస్టమ్స్ సుంకం ఎందుకు పడదు?
ఎలక్ట్రానిక్ ప్రసారాలపై, అంటే ఈబుక్, సాఫ్ట్‌వేర్‌లా నెట్ ద్వారా పంపేవాటిపై, కస్టమ్స్ సుంకం వేయకూడదని ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలు 1998లో జెనీవాలో అనుకున్నాయి, ఇన్నేళ్లుగా సుంకం పడకపోవడానికి మూలం అదే. అప్పటికి నెట్ వ్యాపారం చిన్నది. పైగా ఓడరేవులో పెట్టె విప్పినట్టు డేటాను ఆపి వెల కట్టలేం కదా. తాత్కాలికంగా చేసుకున్న ఆ ఏర్పాటునే మంత్రుల సమావేశాల్లో పొడిగిస్తూ వచ్చారు, 2024లో అబుదాబిలో కూడా.

ఉదాహరణకు, దిగుమతయ్యే అచ్చు పుస్తకాలపై మన ప్రభుత్వం 2019 బడ్జెట్‌లో 5 శాతం సుంకం పెట్టింది. అదే పుస్తకం ఈబుక్‌గా వస్తే ఆ సుంకం లేదు. సరుకు డిజిటల్‌గా మారేకొద్దీ ఖజానాకు గండి పడుతుందని భారత్, దక్షిణాఫ్రికా వాదించేది ఇందుకే, ఆ వాదనలో పస ఉంది. ఇండోనేషియా ఇంకాస్త ముందుకెళ్లి, 2018లో డిజిటల్ సరుకులను టారిఫ్ (కస్టమ్స్ సుంకాల) పట్టికలో చేర్చి రేటు మాత్రం సున్నా దగ్గర ఉంచింది.

చాలామంది దీన్ని "పన్నే లేదు" అనుకుంటారు. లేనిది కస్టమ్స్ సుంకం మాత్రమే. విదేశీ ఓటీటీ చందాపై 18 శాతం జీఎస్టీ మామూలుగానే పడుతుంది. ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చిన ఫోన్ విదేశం నుంచి పార్సిల్‌లో వస్తే అది వస్తువే, దానికి ఈ మినహాయింపు వర్తించదు.