బెల్ట్ డ్రైవా, డైరెక్ట్ డ్రైవా అన్నది తర్వాత, ముందు ఆ మోటారు ఎవరి మాట వింటుందో చూడండి

"రెండు లక్షల పైన పెట్టి టర్న్‌టేబుల్ కొందామనుకుంటున్నాను, బెల్ట్ డ్రైవ్ మంచిదా, డైరెక్ట్ డ్రైవ్ మంచిదా?" అని అడిగారు. రికార్డు పెట్టే పళ్లేన్ని (ప్లాటర్) మోటారు రబ్బరు బెల్టుతో తిప్పితే బెల్ట్ డ్రైవ్, నేరుగా తానే తిప్పితే డైరెక్ట్ డ్రైవ్. డైరెక్ట్ డ్రైవ్ తీసుకోండి. కానీ అంతకంటే ముందు, ఆ మోటారు తన వేగాన్ని దేన్ని చూసి పట్టుకుంటుందో కనుక్కోండి. షాపులో ఈ సంగతి ఎవరూ చెప్పరు. వైర్ల గురించి మాత్రం గంటసేపు చెప్తారు.

మాది మిర్యాలగూడ. మా నాయనకు మోటార్ వైండింగ్ షాపు ఉండేది. యాసంగి వచ్చిందంటే కాలిపోయిన బోరు మోటార్లు షాపు ముందర వరసగా పడి ఉండేవి. ఆ సంపాదనతోనే ఆయన హైదరాబాద్ పోయి సెకండ్ హ్యాండ్‌లో ఒక విదేశీ బెల్ట్ డెక్, అంటే టర్న్‌టేబుల్, తెచ్చుకున్నాడు. అందులో ఉన్నది సింక్రనస్ మోటారు. అంటే కరెంటు ఫ్రీక్వెన్సీ (సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్క) 50 హెర్ట్జ్ ఉంటే సరైన వేగంతో తిరుగుతుంది, తగ్గితే అదీ అంతే తగ్గుతుంది.

1998 ఎండాకాలంలో మా మేనమామ హార్మోనియం పట్టుకుని వచ్చాడు. ఊళ్లో భజనలకు వాయించేవాడు. ఘంటసాల పద్యాల ఎల్‌పీ పెట్టించి, దాంతో కలిపి వాయిద్దామని కూర్చున్నాడు. ఎంతసేపటికీ శ్రుతి కలవదు. "బావా, నీ మిషన్ ఏ శ్రుతిల పాడుతున్నది? ఈ మెట్టు నొక్కితే పాట కిందికున్నది, దీని కింది మెట్టు నొక్కితే పైకున్నది" అన్నాడు. నాయనకు కోపం వచ్చింది. స్ట్రోబ్ అట్ట తెచ్చి ప్లాటర్ మీద పెట్టి లైటు కింద చూపించాడు. వేగం సరిగ్గా ఉంటే, లైటు మెరుపులకు దాని మీది గీతలు నిలబడినట్టు కనిపిస్తాయి. 180 గీతలూ కదలకుండా నిలబడ్డాయి. "గీతలు కదుల్తున్నయా చెప్పు. నీ రీడ్లే పాడైనయ్" అన్నాడు. మామ మాట్లాడలేదు, కానీ ఆ రెండు మెట్ల మధ్యే వేలు ఆడిస్తూ కూర్చున్నాడు.

నేనప్పుడు ఇంటర్. నిమిషానికి 33⅓ చుట్లంటే మూడు నిమిషాలకు సరిగ్గా 100 రావాలి. రికార్డు లేబుల్ మీద చిన్న కాగితం ముక్క అతికించి, హెచ్ఎంటీ వాచీ ముందు పెట్టుకుని లెక్కపెట్టాను. 97 వచ్చింది. మూడుసార్లు లెక్కపెట్టినా 97. నాయన కాసేపు ఆ లైటు వంకే చూసి, "లైటు కూడా గదే కరెంటు మీద వెలుగుతున్నది కదరా" అన్నాడు. మోటారు ఎంత తగ్గిందో లైటు మెరుపులూ అంతే తగ్గాయి. ఇక గీతలెందుకు కదులుతాయి? దొంగకు దొంగే సాక్షి.

97 అంటే కరెంటు 48.5 హెర్ట్జ్ దగ్గర ఉందన్నమాట. మూడు శాతం తేడా. హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య తేడా దాదాపు ఆరు శాతం. అంటే పాట సరిగ్గా రెండు మెట్ల నడుమ పడింది. మామ చెవి చెప్పిందే నిజం.

అంతకు ముందే "అన్నీ సెట్ అయిపోతయ్" అని నమ్మించి ఒకాయన మాకు స్టెబిలైజర్ అంటగట్టాడు. దాని మీటరు చక్కగా 230 చూపిస్తూనే ఉంది. స్టెబిలైజర్ వోల్టేజీని సరిచేస్తుంది, ఫ్రీక్వెన్సీని ముట్టుకోదు. వోల్టేజీ మన ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పడిపోతుంది. గ్రిడ్ ఒకటే కాబట్టి ఫ్రీక్వెన్సీ పడితే మిర్యాలగూడలో, చెన్నైలో, కొచ్చిలో ఒకేసారి పడుతుంది. ఇప్పటికీ ఆడియో గ్రూపుల్లో స్టెబిలైజర్ కొనమని సలహాలిస్తుంటే ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు ఆ బాధ చాలావరకు పోయింది. 2013 డిసెంబర్ 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ దేశం గ్రిడ్‌తో కలిసింది. రాయచూరంటే మన మహబూబ్‌నగర్ పక్కనే. 2018 జనవరి నుంచి తెలంగాణలో బోర్లకు 24 గంటల కరెంటిచ్చినా ఫ్రీక్వెన్సీ 50 చుట్టుపక్కలే ఉంటోంది. కానీ కరెంటు పోయి ఇన్వర్టర్ మీదికి వచ్చినప్పుడు? స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద సింక్రనస్ మోటారు ఎలా గుర్రుమంటుందో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి.

అందుకే నా ఓటు క్వార్ట్జ్ (వాచీల్లో టైమ్ పట్టే స్ఫటికం) ఉన్న డైరెక్ట్ డ్రైవ్‌కే. డైరెక్ట్ డ్రైవ్‌ని జపాన్ కంపెనీ టెక్నిక్స్ వాళ్లు 1970లో ఎస్‌పీ-10 అనే టర్న్‌టేబుల్‌తో మొదలుపెట్టారు. మోటారే నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది, ప్లాటర్ దాని మీదే కూర్చుంటుంది. మధ్యలో పుల్లీ లేదు, రబ్బరు లేదు. 1979లో వచ్చిన ఎస్‌ఎల్-1200ఎంకే2 వేగాన్ని క్వార్ట్జ్ స్ఫటికంతో పోల్చుకుంటుంది, గ్రిడ్‌తో దానికి పని లేదు. బెల్ట్ అభిమానులు డైరెక్ట్ డ్రైవ్‌లో కాగింగ్ ఉంటుందంటారు. బీఎల్‌డీసీ ఫ్యాన్ రెక్కను ఆపి చేత్తో తిప్పితే టక్కు టక్కుమని తగులుతుంది చూడండి, అదే కాగింగ్. నిజమే, కానీ 2016లో వచ్చిన ఎస్‌ఎల్-1200జీలో కాయిల్స్‌కి ఇనుప కోరే లేదు. వైండింగ్ షాపులో పెరిగినవాడిని, ఆ మోటారు బొమ్మ చూసినప్పుడు నాకు చాలాసేపు నోట మాట రాలేదు. ఇనుము లేకపోతే అయస్కాంతం పట్టుకోవడానికి ఏముంటుంది?

బెల్ట్ తీసుకుంటానంటే అడ్డు చెప్పను. లిన్ కంపెనీ బెల్ట్ డెక్ ఎల్‌పీ12కి 1980లలోనే వల్హల్లా అని క్వార్ట్జ్ పవర్ సప్లై వచ్చింది. అలా తన ఫ్రీక్వెన్సీ తనే తయారుచేసుకునే సప్లై ఉన్నదైతే తీసుకోండి. కానీ మా ఊరి రైస్ మిల్లుల్లో బెల్టులు చూసినవాణ్ని. వడ్ల లోడు పడగానే బెల్టు జారేది, గుగ్గిలం పూసేవాళ్లు. సూది వల్ల పడే లోడు చిన్నదే, అయినా రబ్బరు రబ్బరే. మన 45 డిగ్రీల ఎండల్లో మా డెక్ బెల్టు రెండేళ్లకే సాగింది.

ఇంకొక మాట. పాట ప్రతి చుట్టుకీ, అంటే ప్రతి 1.8 సెకన్లకీ ఒకసారి ఊగుతుంటే డ్రైవ్‌ని తిట్టకండి, రికార్డు మధ్య రంధ్రం సరిగ్గా నడిమధ్యలో లేదని అర్థం. ఎన్ని లక్షల మోటారైనా దాన్ని సరిచేయలేదు.

షాపుకి పోయేటప్పుడు మీ రికార్డు, కాగితం ముక్క, సెకన్ల ముల్లున్న వాచీ తీసుకెళ్లండి. మూడు నిమిషాలు, వంద చుట్లు. లెక్కపెట్టనివ్వకపోతే ఆ షాపులో కొనకండి.