ఒకే వంట, ఒకే నడక... ఆయన తగ్గారు, నేను పెరిగాను. నాకు థైరాయిడా?

ప్రశ్న: నా వయసు 44, మా వారికి 49. మూడు నెలల క్రితం ఇద్దరం కలిసి బరువు తగ్గాలని నిశ్చయించుకున్నాం. తీపి పదార్థాలు, వేపుళ్లు మానేశాం. రోజూ ఉదయం ముప్పావు గంట వేగంగా నడుస్తున్నాం. తినేది ఒకటే, నడిచేదీ ఒకటే. ఆయన 86 కిలోల నుంచి 77కి వచ్చారు. మొదటి రెండు నెలల్లో మూడు కిలోలే తగ్గినా, ఈ ఒక్క నెలలోనే ఆరు కిలోలు తగ్గారు. నేను మాత్రం 68 నుంచి 71 కిలోలకు పెరిగాను. దాహమనీ, మూత్రమనీ ఆయన రాత్రి మూడు నాలుగుసార్లు లేస్తుండటంతో నాకు నిద్ర కూడా సరిగా ఉండటం లేదు. నడక వల్ల మోకాళ్ల నొప్పులు మొదలైతే, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు రెండు నెలలుగా ఉదయం, రాత్రి వేసుకుంటున్నాను. సాయంత్రానికి పాదాలు బరువెక్కి చెప్పులు బిగుసుకుంటున్నాయి. నాకు థైరాయిడ్ ఉందేమోనని అనుమానం. బరువు తగ్గడానికి మంచి మాత్ర ఏదైనా సూచించగలరా? - ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు అడిగింది మీ బరువు గురించి. దానికి తప్పకుండా వస్తాను. కానీ మీరు నిద్ర చాలడం లేదని చెబుతూ మధ్యలో ప్రస్తావించిన విషయమే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది. ఈ సమాధానం చదివిన రోజే, కుదరకపోతే మరుసటి రోజు ఉదయానికల్లా, మీ వారి రక్తంలో చక్కెర ఎంత ఉందో పరీక్ష చేయించండి. పరగడుపున వెళ్లాలని, సెలవు రోజు చూసుకోవాలని ఆగవద్దు. ఏ వేళలో చేసిన పరీక్ష అయినా ఇప్పటికి సరిపోతుంది.

ఎందుకింత తొందర అంటే, ఆహార నియమాలతో తగ్గే బరువుకు ఒక తీరు ఉంటుంది. మొదటి వారాల్లో శరీరంలో గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉన్న చక్కెర, దానితోపాటు ఉండే నీరు పోతాయి కాబట్టి కాస్త వేగంగా తగ్గుతుంది, ఆ తర్వాత వేగం మందగిస్తుంది. మీ వారి విషయంలో ఇది తలకిందులైంది. రెండు నెలలు నెమ్మదిగా తగ్గి, తిండిలోగానీ నడకలోగానీ ఏ మార్పూ లేకుండానే మూడో నెలలో ఒక్కసారిగా ఆరు కిలోలు పోయాయి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు ఏర్పడాలి. ఆ లెక్కన ఆరు కిలోలూ కొవ్వే అయితే, నెలంతా రోజుకు 1,500 కేలరీలకు పైగా లోటు ఉండాలి. ముప్పావు గంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 200 కేలరీలు. ఇద్దరూ ఒకటే తింటున్నామని మీరే రాశారు. మరి మిగతాది ఎక్కడికి పోతోందన్నదే నా ప్రశ్న.

రక్తంలో చక్కెర 100 మిల్లీలీటర్లకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటినప్పుడు మూత్రపిండాలు దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోలేవు. చక్కెర మూత్రంలో పోతూ తనతోపాటు నీటినీ లాక్కుపోతుంది. అందుకే మాటిమాటికీ మూత్రం, దాని వెనకే దాహం. తిన్నది ఒంటికి పట్టకుండా పోతుండటంతో శరీరం కొవ్వునూ, దానితోపాటు కండనూ కరిగించుకుంటుంది. తూకం చూసుకునే వారికి మాత్రం ఇది తమ శ్రమకు ఫలితంగా కనిపిస్తుంది. ఏ ప్రయత్నమూ చేయని మనిషి నెలలో ఆరు కిలోలు తగ్గితే ఇంటిల్లిపాదీ భయపడి ఆస్పత్రికి తీసుకెళతారు. అదే మనిషి నడక మొదలుపెట్టి తగ్గితే అందరూ మెచ్చుకుంటారు, అక్కడే విలువైన వారాలు గడిచిపోతాయి.

ఆయనను చూడకుండా ఇది మధుమేహమేనని నేను తేల్చి చెప్పలేను, అలా చెప్పడం సరికాదు కూడా. థైరాయిడ్ అతిగా పనిచేసినా, క్షయవంటి ఇన్ఫెక్షన్లు ఉన్నా, జీర్ణకోశంలో మరేదైనా జబ్బు ఉన్నా బరువు తగ్గవచ్చు. గుండెదడ, చేతుల వణుకు, సాయంత్రం జ్వరం, రెండు వారాలు దాటిన దగ్గు, ఆకలి పోవడం, మలంలో రక్తం వంటివి ఉన్నాయేమో ఆయననే అడిగి డాక్టరుకు చెప్పండి. అయితే దాహం, రాత్రి మూత్రం, బరువు తగ్గడం ఈ మూడూ కలిసి వచ్చినప్పుడు ముందుగా చక్కెరనే అనుమానించాలి. ఇలాంటి లక్షణాలున్న మనిషిలో ఏ వేళలో చూసినా చక్కెర 200 మిల్లీగ్రాములు, అంతకు మించి ఉంటే మధుమేహంగానే పరిగణిస్తాం. పరగడుపున 126, లేదా మూడు నెలల సగటును చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, అంతకు మించి ఉన్నా అదే అర్థం. వాంతులు, కడుపునొప్పి, వేగంగా లోతుగా ఊపిరి తీయడం, మగతగా ఉండటం వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ల్యాబ్‌కు కాదు, నేరుగా అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి. కొవ్వు కరిగేటప్పుడు పుట్టే కీటోన్లు అనే పదార్థాలు రక్తంలో పేరుకుపోతే గంటల్లోనే పరిస్థితి ప్రాణం మీదకు రావచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. చక్కెర ఎక్కువగా ఉందని రిపోర్టు రాగానే, ఇంట్లోనో బంధువుల్లోనో ఎవరో వాడుతున్న మాత్రలు తెచ్చి మొదలుపెట్టేవారిని తరచూ చూస్తుంటాను. దయచేసి ఆ పని చేయవద్దు. మధుమేహం మాత్రలన్నీ ఒకటి కావు. కొన్ని చక్కెరను ప్రమాదకరంగా పడగొడతాయి, మరికొన్ని ఇలా వేగంగా బరువు తగ్గుతున్న వారిలో కీటోన్ల ముప్పును పెంచుతాయి. 49 ఏళ్ల వయసులోనూ మొదటి నుంచే ఇన్సులిన్ అవసరమయ్యే మధుమేహం మొదలుకావచ్చు. అలాంటి మనిషికి మరొకరి మాత్ర ఇచ్చి నెల రోజులు ఎదురుచూడటమంటే చికిత్సను నెల రోజులు ఆపడమే. పరీక్ష ఫలితం తేలేదాకా ఆయన ఉపవాసాలు చేయకూడదు, నడకలో తనను తాను కష్టపెట్టుకోకూడదు. దాహం తీర్చుకోవడానికి పళ్లరసాలు, శీతల పానీయాలు కాకుండా మంచినీళ్లు మాత్రమే తాగాలి.

ఇప్పుడు మీ సంగతి. మూడు నెలల్లో మూడు కిలోలు పెరగడం దానంతటదే భయపడాల్సిన విషయం కాదు. ఒకే వంట తింటున్నామన్నారు గానీ, 86 కిలోల పురుషుడికీ 68 కిలోల స్త్రీకీ రోజుకు కావలసిన కేలరీల్లో కొన్ని వందల తేడా ఉంటుంది. ఆయనకు తక్కువైన భోజనం మీకు సరిపోవచ్చు, ఒక్కోసారి ఎక్కువే కావచ్చు. రోజుకు 250 కేలరీలు అదనంగా చేరితే చాలు, మూడు నెలల్లో మీరు చెప్పిన బరువు పెరుగుతుంది. ఆరోగ్యకరమని తినే గింజలు ఒక గుప్పెడు, వాటిపైన ఒక చెంచా నూనె ఆ లెక్కకు ఇంచుమించు సరిపోతాయి. కొవ్వు పోయి కండ పట్టింది కాబట్టి బరువు పెరిగిందని ఎవరైనా మీకు ధైర్యం చెప్పి ఉంటే, అది నమ్మదగిన మాట కాదు. నడకతో మూడు నెలల్లో మూడు కిలోల కండ పట్టదు.

అయినా నేను మీ కంచం దగ్గర ఆగిపోవడం లేదు, కారణం మీ పాదాల వాపు. మీరు వేసుకుంటున్న మాత్ర పేరు రాయలేదు. మోకాళ్ల నొప్పికి సాధారణంగా ఇచ్చేవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వంటివి కాబట్టి మీదీ ఆ కోవలోదేనని అనుకుని రాస్తున్నాను. ఇవి నొప్పినీ వాపునూ తగ్గించడానికి శరీరంలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారు కాకుండా అడ్డుకుంటాయి. అయితే మూత్రపిండాలకు రక్తం సరిగా అందడానికి, ఒంట్లో ఎక్కువైన ఉప్పు బయటకు పోవడానికి కూడా అవే ప్రోస్టాగ్లాండిన్లు కావాలి. రోజుల తరబడి వాడితే ఉప్పు, దానితో నీరు నిలిచి పాదాలు వాచిపోతాయి, బరువు పెరుగుతుంది, రక్తపోటు పెరుగుతుంది. కొందరిలో మూత్రపిండాలు దెబ్బతింటాయి, అది చాలాకాలం ఏ నొప్పీ లేకుండా జరిగిపోతుంది. కడుపులో పుండు కూడా ముందుగా చెప్పి రాదు, రక్తస్రావం అయ్యాకే తెలిసిన సందర్భాలు ఉన్నాయి. మీరు ఇప్పటికే బీపీ మాత్ర వేసుకుంటుంటే, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా వెళ్లేలా చేసే మందు అందులో ఉంటే, ఈ కలయిక మూత్రపిండాలకు మరింత ప్రమాదం.

రెండు నెలలు, రోజుకు రెండు, ఎవరూ రాసివ్వని మాత్రలు. కొంచెం గట్టిగా చెబుతున్నానని అనుకోవద్దు, ఇది అలవాటుగా మారడం ఎంత తేలికో నాకు తెలుసు. మందు పనిచేసి నొప్పి తగ్గుతుంది, నొప్పి లేదు కాబట్టి నడక సాగుతుంది, నడుస్తూనే ఉండటంతో మోకాలు మళ్లీ నొప్పెడుతుంది, మళ్లీ మాత్ర వేసుకుంటారు. మోకాలు వద్దని చెబుతున్నా ఆ మాట మీకు వినబడకుండా మాత్ర అడ్డుపడుతోంది. మందుల షాపులో అడిగితే ఇస్తారు నిజమే, కానీ మీ రక్తపోటు ఎంతో, మూత్రపిండాల పనితీరును చెప్పే క్రియాటినిన్ ఎంతో, అంతకుముందు కడుపులో పుండు ఉందో లేదో అక్కడ ఎవరూ చూడరు, చూసే వీలూ ఉండదు.

ఇంకో అనుమానం కూడా చెప్పాలి. రెండు రకాల మాత్రలు కలిపి ఇచ్చి ఉంటే వాటిలో ఒకటి స్టెరాయిడ్ కావచ్చు. స్టెరాయిడ్ వాడితే నొప్పి అద్భుతంగా తగ్గుతుంది, ఆకలి పెరుగుతుంది, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది, నడుము చుట్టూ బరువు చేరుతుంది, చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతుంది. వారాల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా మానడమూ ప్రమాదమే, ఎందుకంటే ఆ లోపు శరీరం తన సొంత స్టెరాయిడ్ తయారీని తగ్గించేసి ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఉన్న మాత్రల అట్టను చూసి, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్ర అని స్పష్టంగా తెలిస్తే ఇవాళే ఆపేయండి. పేరు తెలియకపోయినా, అందులో ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్, బీటామెథసోన్ అని ఉన్నా, మీరుగా ఏ నిర్ణయమూ తీసుకోకుండా ఒకటి రెండు రోజుల్లోనే ఆ అట్టతో సహా డాక్టరును కలవండి.

అక్కడ మీ రక్తపోటు చూస్తారు. రక్తంలో క్రియాటినిన్, చక్కెర, మూత్రంలో ప్రోటీన్, రక్తహీనతకు సంబంధించిన పరీక్షలు అవసరమవుతాయి. పాదాల వాపుకు గుండె, కాలేయం కూడా కారణం కావచ్చు కాబట్టి వాటినీ పరిశీలిస్తారు. మీరు అడిగిన థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్ పరీక్ష చేయించుకోండి, 44 ఏళ్ల స్త్రీకి అది న్యాయమైన అనుమానమే. థైరాయిడ్ మందగించడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి నాలుగు కిలోలే ఉంటుంది, అందులోనూ ఎక్కువ భాగం ఉప్పు, నీరే. పరీక్షలో లోపం తేలితే మాత్ర రాస్తారు. తేలకపోతే, బరువు తగ్గుతామని ఆ మాత్ర మింగడం గుండె లయనూ ఎముకలనూ చెడగొట్టుకోవడం అవుతుంది. మీ నెలసరి గురించి మీరేమీ రాయలేదు. అది తప్పి ఉంటే, వయసు కారణమని మీరే సరిపెట్టుకోకుండా గర్భనిర్ధారణ పరీక్ష కూడా చేయించుకోండి.

రోజులో కిలోకు పైగా, లేదా వారంలో రెండు కిలోలకు పైగా బరువు పెరిగినా, పడుకున్నప్పుడు ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, నల్లటి మలం పోయినా, ఒక్క కాలే వాచి నొప్పిగా ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి. అలాంటివేవీ లేకపోతే వారానికి రెండు మూడుసార్లు, ఉదయం మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని రాసుకోండి. ఒక రోజుకూ మరో రోజుకూ కిలో లోపు అటూ ఇటూ కావడం మామూలే. నొప్పి మాత్ర ఆపిన వారం పది రోజుల్లో పాదాల వాపు తీసి బరువు కాస్త తగ్గితే, పెరిగిన దాంట్లో నీటి వాటా ఎంతో తెలిసిపోతుంది. తగ్గకపోతే ఆ వివరమూ మీ డాక్టరుకు ఉపయోగపడుతుంది.

బరువు తగ్గించే మాత్ర అడిగారు. మూత్రపిండాల రిపోర్టు, రక్తపోటు తెలియకుండా నేను దేని పేరూ రాయను. ఎవరు పేరు చెప్పినా మీరు కూడా కొనవద్దు. ఇప్పుడు వస్తున్న కొత్త మందుల్లో బాగా పనిచేసేవి ఉన్నాయి, కానీ అవి ఎవరికి అవసరమో, ఎవరికి ప్రమాదమో ఎదురుగా పరీక్షించిన డాక్టరు నిర్ణయించాలి.

మోకాళ్ల విషయానికి వస్తే, నొప్పి ఉన్నన్నాళ్లు వేగపు నడక, మెట్లు ఎక్కి దిగడం తగ్గించి, వీలుంటే సైకిల్ గానీ ఈత గానీ ఎంచుకోండి. తొడ ముందు భాగపు కండరాలను బలపరిచే వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకటి రెండుసార్లు నేర్చుకుంటే ఆ తర్వాత ఇంట్లోనే చేసుకోవచ్చు. చాలామందికి రోజూ మింగే మాత్రకంటే ఇదే మేలు చేస్తుంది. నొప్పి మరీ భరించలేకుంటే, కాలేయ జబ్బు లేనివారికి పారాసిటమాల్ మూత్రపిండాల దృష్ట్యా కొంత సురక్షితం, కానీ మోతాదు, ఎన్ని రోజులన్నది మీ డాక్టరు చెప్పినంతవరకే. మోకాలు వాచినా, వేడిగా ఎర్రబడినా, మడత పడకుండా పట్టేసినా ఎముకల డాక్టరుకు చూపించుకోండి.

- జనరల్ ఫిజీషియన్