కొట్లాట ఒక్కటే చూస్తే సరిపోదమ్మా..

ప్రశ్న: మా బాబుకు 16 ఏళ్లు. ఇంటర్ ఫస్టియర్. పోయిన వారం కాలేజీ బయట గొడవపడి ఒకబ్బాయి మూతి పగలగొట్టాడు. పిడికిలి మీద చిన్న గాటు పడితే రెండు రోజులు మాకు చెప్పకుండా దాచాడు. రాత్రి రెండింటి దాకా ఫోన్ చూస్తాడు. ఫ్రెండ్స్ బండ్లు తీసుకుని తిరుగుతాడు. బ్యాగులో పెన్నులాంటి వేప్ (ఈ-సిగరెట్) దొరికింది. అడిగితే తనది కాదన్నాడు. వాళ్ల నాన్న బెల్టు తీసుకుని కొట్టారు. అప్పట్నుంచి ముభావంగా ఉంటున్నాడు. టెన్త్‌లో బాగా చదివినవాడే, ఇప్పుడు మార్కులు పడిపోయాయి. ఇది వయసు ప్రభావమేనా? ఎవరికి చూపించాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ముందు ఆ పిడికిలి సంగతి చూడండి. ఎదుటివాళ్ల పన్ను దిగి వేలి కణుపు మీద పడే గాటు చూడటానికి చిన్నదే. కానీ పిడికిలి బిగించి ఉన్నప్పుడు తెగిన స్నాయువు (కండను ఎముకకు కలిపే తాడులాంటి భాగం), చెయ్యి చాపగానే నోటిలోని క్రిములతో సహా లోపలికి జరిగిపోతుంది. పైన చర్మం మానినట్టే ఉంటుంది, లోపల కీలులో చీము పడుతుంది. వాపు, ఎరుపు, సలపరం ఉన్నా, వేలు పూర్తిగా ముడవలేకపోయినా ఈరోజే ఆర్థోపెడిక్ డాక్టర్‌కు చూపించండి. పైకి బాగానే కనిపించినా పంటిగాటు అని చెప్పి ఒకసారి చూపించడమే మంచిది. ఇలాంటి గాయానికి సాధారణంగా కుట్లు వేయరు. కడిగి, తెరిచి ఉంచి, యాంటీబయాటిక్ ఇస్తారు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించారో చెప్పండి. చిటికెన వేలి కణుపు లోపలికి నొక్కుకుపోయినట్టు ఉంటే ఎక్స్‌రే తీయించాలి, అక్కడ ఎముక విరగడం చాలా మామూలు.

ఇక వయసు ప్రభావమా అన్నారు. ఎప్పుడో ఒకసారి తోపులాట జరిగితే అలాగే అనుకోవచ్చు. మీ ఉత్తరంలో మాత్రం కొట్లాట, వేప్, నిద్రలేమి, బండి, మార్కులు అన్నీ ఒకేసారి కనిపిస్తున్నాయి. ఈ వయసులో ఇవి విడివిడిగా రావు, గుత్తిగా వస్తాయి. అమెరికాలో రిచర్డ్ జెస్సర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లోనే ఈ మాట సిద్ధాంతంగా చెప్పారు. అక్కడి ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ 1990ల నుంచి హైస్కూల్ పిల్లల సర్వేలో కొట్లాటలు, ఆయుధాలు, సిగరెట్లు, మద్యం, ఆత్మహత్య ఆలోచనల గురించి ఒకే ప్రశ్నపత్రంలో అడుగుతోంది. మన దేశంలోనూ 10–19 ఏళ్ల వారి కోసం 2014లో మొదలైన రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమంలో హింసను, గాయాలను మానసిక ఆరోగ్యం, మత్తు, పోషణలతో పాటే చేర్చారు.

ఇవి ఒకదాన్నొకటి ఎలా లాగుతాయో చూడండి. ఈ వయసుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. రెండింటికి పడుకుని ఆరింటికి లేచేవాడికి అందులో సగమే దక్కుతుంది. నిద్ర చాలని మెదడుకు ముందు తగ్గేది ఓర్పు. దానికి తోడు వేప్‌లో ఉండే నికోటిన్. అలవాటైన శరీరానికి కొన్ని గంటలు అందకపోతే చిరాకు మొదలవుతుంది, ఇంట్లోవాళ్లకు అది పొగరులా కనిపిస్తుంది. కోపానికి కళ్లెం వేసే మెదడు ముందు భాగం పూర్తిగా ఎదిగేసరికి 25 ఏళ్లు దగ్గర పడతాయి. పక్కన స్నేహితులుంటే ఆ కళ్లెం ఇంకా వదులవుతుంది. మరో సంగతి. మగపిల్లల్లో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాదు, కోపంగా బయటపడుతుంది.

కొట్టినవాడు అంతకుముందు దెబ్బలు తిన్నవాడే అయి ఉండొచ్చు. ర్యాగింగ్‌కో, సీనియర్ల బెదిరింపులకో గురై, భయంతో చెయ్యెత్తే పిల్లలు ఎందరో. బ్యాగులో కత్తి పెట్టుకునేవాళ్లలోనూ చాలామంది భయంతోనే పెట్టుకుంటారు. అందుకే "ఎందుకు కొట్టావ్" అని కాకుండా "ఆ రోజు ఏం జరిగిందో మొదట్నుంచి చెప్పు, నేను మధ్యలో ఆపను" అని అడగండి. ఎదురుగా కూర్చోబెట్టి విచారణలా వద్దు, ఏదో పని చేసుకుంటూ అడిగితే నోరు విప్పుతాడు. కాలేజీకి వెళ్లాలంటే భయంగా ఉందా, తాగినవాడి బండెక్కావా, చచ్చిపోవాలనిపిస్తోందా.. ఇవీ ఒక్కొక్కటిగా అడగాలి. చావు గురించి అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అని భయపడకండి, అలా జరగదు. ఇంట్లో పురుగుమందు డబ్బాలుంటే తాళం వేయండి.

బెల్టు విషయం వాళ్ల నాన్నగారికి చదివి వినిపించండి. ఇంట్లో దెబ్బలు తినే పిల్లలు బయట ఎక్కువ కొట్లాడతారు, పైగా దాచడం నేర్చుకుంటారు. మీవాడు గాయం రెండు రోజులు దాచింది కూడా అలాంటి భయంతోనే కావచ్చు. "కొట్టడం నా తప్పు, ఇక కొట్టను. కానీ జరిగింది మనం మాట్లాడుకోవాలి" అని ఆయన నోటితో ఆయనే అనాలి.

ఎక్కువమంది తల్లిదండ్రులు ఇక్కడే బోల్తా పడతారు: ఫోన్, పాకెట్‌మనీ, స్నేహితులు అన్నీ ఒకే రోజు కట్. వాడు గోడ కట్టేసుకుంటాడు. రెండింటితో మొదలుపెట్టండి. ఒకటి నిద్ర. రాత్రి పదిన్నరకు ఇంట్లో అందరి ఫోన్లూ, నాన్నగారిదీ కలిపి, హాల్లో ఛార్జింగ్‌కు పెట్టండి. పడుకునే టైమును రెండు మూడు రోజులకోసారి 15–20 నిమిషాలు త్వరగా వచ్చేలా మార్చండి. లేచే టైము ఆదివారం కూడా మారకూడదు. రెండోది బండి తాళం. గేరు బండికి 18 నిండాలి. మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణ ప్రకారం మైనర్ బండి నడిపి నేరం చేస్తే తల్లిదండ్రులకు లేదా బండి యజమానికి మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా పడతాయి, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దవుతుంది. ఈ మాట ఆ ఫ్రెండ్స్ ఇళ్లలోనూ చెప్పండి.

వాడికి తెలియకుండా మూత్రం తీసి మందుల షాపు కిట్‌తో పరీక్ష చేయొద్దు. మత్తు కోసం పీల్చే వైట్‌నర్ లాంటివి అందులో పట్టుబడవు, బయటపడేది మీ అపనమ్మకమే.

జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. డాక్టర్ కొంతసేపు వాడితో ఒంటరిగా మాట్లాడాలి, మీరు బయట కూర్చోండి. ప్రాణాపాయం ఉంటే తప్ప ఆ మాటలు మీకు చెప్పరు. చెప్పరని తెలిస్తేనే వాడు నిజం చెబుతాడు. అప్పటిదాకా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మత్తు విషయాలకు 14446, పిల్లల రక్షణకు 1098. ఫలానావాణ్ని చంపేస్తానంటున్నా, కత్తి దొరికినా, చావు మాటలు మాట్లాడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు తీసుకెళ్లాలి.

జ్వరమనో, కళ్ల పరీక్షనో అబద్ధం చెప్పి మాత్రం తీసుకెళ్లకండి. టెన్త్, ఇంటర్ మార్కుల కాగితాలు వెంట ఉంచుకోండి. ఆ వేప్‌ను రెండు వైపులా ఫొటో తీసి చూపించండి. 2019 నుంచి నిషేధంలో ఉన్న సరుకు కాబట్టి అందులో నిజంగా ఏముందో లేబుల్‌ను బట్టి నమ్మలేం. అయినా నికోటిన్ ఎంత అని రాసి ఉంటే మానిపించే పద్ధతి ఎంచుకోవడానికి డాక్టర్‌కు కొంత ఆధారం దొరుకుతుంది.