విప్ చెల్లని సభలో ఓట్ల లెక్క

ప్రశ్న: నాన్సీ పెలోసీ అమెరికా ప్రతినిధుల సభ స్పీకర్‌గా ఉంటూనే డెమొక్రాట్లను నడిపించారట. స్పీకర్ పార్టీలకు అతీతం కాదా? సొంత పార్టీవాళ్లే ఎదురుతిరిగితే బిల్లులు ఎలా గట్టెక్కేవి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అక్కడ స్పీకర్ అంటే మెజారిటీ పార్టీ పెద్దే. ఏ బిల్లు ఎప్పుడు ఓటింగుకు రావాలో ఆ కుర్చీయే తేలుస్తుంది. మన దగ్గర విప్ ధిక్కరిస్తే 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద సభ్యత్వం పోవచ్చు. అక్కడ ఆ భయం లేదు. అందుకే అక్కడ విప్ అనే పార్టీ నేత అసలు పని తలలు లెక్కపెట్టడం. 1987 ఉప ఎన్నికలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి గెలిచిన పెలోసీ 2002లో విప్ అయ్యారు, 2007లో తొలి మహిళా స్పీకర్ అయ్యారు.

ఆమె పనితనం తెలియాలంటే 2010 మార్చి 21న ఆరోగ్య బీమా బిల్లుపై జరిగిన ఓటింగు చూడాలి. రెండు నెలల ముందు మసాచుసెట్స్ ఉప ఎన్నికలో ఓడి ఎగువ సభ అయిన సెనేట్‌లో డెమొక్రాట్లు 59కి పడిపోయారు. చర్చను సాగదీసి బిల్లును అడ్డుకునేవాళ్లను దాటడానికి అక్కడ 60 కావాలి. బిల్లులో ఒక్క ముక్క మార్చినా మళ్లీ సెనేట్‌కు వెళ్లాలి, అక్కడ ఆగిపోతుంది. అందుకని సెనేట్ అంతకుముందే ఆమోదించిన బిల్లును ఉన్నదున్నట్టు ఆమోదించి, సవరణలను సాధారణ మెజారిటీ చాలే బడ్జెట్ బిల్లులో విడిగా పెట్టారు. సభలో అప్పుడున్నది 431 మంది, కావలసింది 216. గర్భస్రావాలకు ప్రభుత్వ సొమ్ము వాడకూడదని పట్టుబట్టిన డెమొక్రాట్ సభ్యుడు బార్ట్ స్టూపాక్ బృందం ఆ మధ్యాహ్నం దాకా తేలలేదు. ఆ మేరకు ఉత్తర్వు ఇస్తానని అధ్యక్షుడు ఒబామా మాటిచ్చాకే వాళ్లు ఒప్పుకున్నారు. 219–212తో నెగ్గింది. రిపబ్లికన్ల ఓటు ఒక్కటీ పడలేదు, 34 మంది డెమొక్రాట్లూ వ్యతిరేకించారు. ఇంత తక్కువ తేడాతో ఇంత పెద్ద చట్టం తేవడం మామూలు విషయం కాదు.

లెక్క అవతలి పక్షం చేతిలో ఉంటే మాత్రం ఆమెకూ దెబ్బ తగిలింది. 2008 సెప్టెంబరు 29న సంక్షోభంలో పడ్డ బ్యాంకులను ఆదుకునే ప్యాకేజీకి రెండు పార్టీల ఓట్లూ కావాలి. ఎన్నికలు ఐదు వారాల్లో ఉన్నాయి. 133 మంది రిపబ్లికన్లు, 95 మంది డెమొక్రాట్లు కాదనడంతో 205–228తో వీగిపోయింది. షేర్ మార్కెట్ సూచీ డౌ జోన్స్ ఆ రోజే 777 పాయింట్లు పడింది. సెనేట్ పన్ను రాయితీలు జోడించాక అక్టోబరు 3న నెగ్గింది.

ప్రశ్న: మరి పార్టీలో ఆమెకు ఎదురే లేదా?
– అదే పాఠకురాలు

జవాబు: ఉంది. 2022 తర్వాత నాయకత్వ పదవిలో ఉండనని 2018 డిసెంబరులో మాటిచ్చాకే అసమ్మతి తగ్గింది. అయినా 2019 జనవరి 3న జరిగిన స్పీకర్ ఎన్నికలో 15 మంది డెమొక్రాట్లు ఆమెకు వేయలేదు. వాళ్లలో ముగ్గురు ఎవరికీ వేయకుండా ‘ప్రెజెంట్’ (హాజరు) అని మాత్రమే అన్నారు. అలా అన్నవాళ్లు లెక్కలోకి రారు కాబట్టి కావలసిన సంఖ్య తగ్గుతుంది. 216 చాలు, ఆమెకు 220 వచ్చాయి. 2023లో సభలో పార్టీ పగ్గాలు హకీం జెఫ్రీస్‌కు వెళ్లాయి.